రొయ్యల తూకంతో సాంఖ్యక శాస్త్రం: సోపాన చిత్రం, బాక్స్ ప్లాట్, ఓజివ్ వక్రం – ఏది మేలు?

హైస్కూలు పిల్లలు సగటు, మధ్యగతం (వరుసలో నడిమి విలువ), బాహుళకం (ఎక్కువసార్లు వచ్చిన విలువ) సూత్రాలు గడగడా చెప్పేస్తారు. అదే దత్తాంశం ఎక్కడ గుంపుగా ఉంది, ఎక్కడ ఖాళీగా ఉంది అనడిగితే తడుముకుంటారు. నెల్లూరు, ప్రకాశం తీరంలో ఈ పాఠానికి రొయ్యల చెరువును మించిన ఉదాహరణ లేదు. ఇందుకూరుపేట, అల్లూరు, కొత్తపట్నం వైపు పిల్లలకు కౌంట్ గురించి విడమరిచి చెప్పక్కర్లేదు. కిలోకి ఎన్ని రొయ్యలు తూగితే అంత కౌంట్. ఒక్కోటి 10 గ్రాములుంటే 100 కౌంట్, 20 గ్రాములుంటే 50.

లెక్క కోసం రెండు చెరువులు అనుకుందాం. ఒక్కో చెరువులో 20 రొయ్యల్ని పట్టి, విడివిడిగా తూచి, ఆరోహణ క్రమంలో రాశాం (గ్రాముల్లో).

మొదటి చెరువు: 10, 11, 12, 13, 14, 14, 16, 17, 17, 18, 18, 19, 19, 20, 22, 22, 23, 24, 25, 26.

రెండో చెరువు: 10, 12, 13, 13, 14, 14, 14, 14, 15, 15, 21, 21, 22, 22, 22, 22, 22, 23, 24, 26.

ముందు బాక్స్ ప్లాట్ గీద్దాం. దానికి అయిదు అంకెలు చాలు: కనిష్ఠం, మొదటి చతుర్థాంశం (కింది సగానికి మధ్యగతం), మధ్యగతం, మూడో చతుర్థాంశం (పై సగానికి మధ్యగతం), గరిష్ఠం. రెండు చతుర్థాంశాల మధ్య పెట్టె, మధ్యగతం దగ్గర గీత, కనిష్ఠ గరిష్ఠాల దాకా రెండు చేతులు. మొదటి చెరువుకు 10, 14, 18, 22, 26 వస్తాయి. రెండో చెరువుకు కూడా అవే అయిదు. రెండు బొమ్మలు పక్కపక్కన పెడితే తేడా పట్టలేం. పోనీ సగటు చూద్దామా అంటే మొదటిది 18, రెండోది 17.95. ప్రామాణిక విచలనం (విలువలు సగటు చుట్టూ ఎంత చెదిరాయన్న కొలత) 4.6, 4.8. ఇన్ని లెక్కలు కట్టినా రెండు చెరువులూ ఒకటే అన్నట్టుంది.

రెండో చెరువులో 16 నుంచి 20 గ్రాముల మధ్య ఒక్క రొయ్య కూడా లేదు. అంటే మధ్యగతం 18 (నడిమి రెండు విలువలు 15, 21ల సగటు) అని మనం చెప్పే బరువున్న రొయ్య ఆ 20లో ఎక్కడా లేదు. ఈ సంగతి సోపాన చిత్రంలో (హిస్టోగ్రామ్, తరగతికో కమ్మీ గీసే బొమ్మ) చూడగానే తెలుస్తుంది. 10–13, 13–16, 16–19, 19–22, 22–25, 25–28 అని 3 గ్రాముల తరగతులు చేయండి. దిగువ హద్దు తరగతిలో చేరుతుంది, ఎగువ హద్దు తర్వాతి తరగతికి పోతుంది. మొదటి చెరువు పౌనఃపున్యాలు (తరగతికి ఎన్ని రొయ్యలో) 3, 3, 5, 3, 4, 2. రెండోది 2, 8, 0, 2, 7, 1. రెండు దిబ్బలు, మధ్యలో గుంత. చిన్న రొయ్యల గుంపు సగటు 13.4 గ్రాములు, అంటే సుమారు 75 కౌంట్. పెద్ద రొయ్యల గుంపు సగటు 22.5, అంటే సుమారు 44 కౌంట్. అమ్మకం దగ్గర ఈ రెండూ ఒకే సరుకు కాదు.

అయితే సోపాన చిత్రాన్ని కూడా గుడ్డిగా నమ్మకూడదు. తరగతి పొడవు 3 బదులు 8 తీసుకుని 10–18, 18–26, 26–34 అని చేస్తే రెండో చెరువుకు 10, 9, 1 వస్తాయి. గుంత మాయం! మొదటి చెరువుకు 9, 10, 1. మళ్లీ కవలలే. పొడవు మరీ తగ్గించి 1 గ్రాము చేస్తే 20 విలువలకు బొమ్మంతా పళ్లూడిన దువ్వెనలా ఉంటుంది. అందుకే కనీసం రెండు పొడవులతో గీసి చూడాలి. రెండింట్లోనూ నిలిచిన ఆకారాన్నే నమ్మాలి. ఇంత చిన్న దత్తాంశానికి తరగతులే అక్కర్లేదు, అడ్డగీత మీద ఒక్కో రొయ్యకు ఒక్కో చుక్క పెట్టినా చాలు. పరీక్షలో అడగరు గానీ అన్నింటికన్నా నిజాయితీ గల బొమ్మ అదే.

బాహుళకం దగ్గర ఇంకో చిక్కుంది. రెండో చెరువులో 22 అయిదుసార్లు వచ్చింది కాబట్టి విడి విలువల ప్రకారం బాహుళకం 22. వర్గీకృత (తరగతులుగా విడదీసిన) దత్తాంశ సూత్రం వాడితే ఎక్కువ రొయ్యలున్న బాహుళక తరగతి 13–16 అవుతుంది, జవాబు 13 + (6/14) × 3, అంటే సుమారు 14.3. ఇక బాహుళకం = 3 × మధ్యగతం − 2 × సగటు అనే అనుభవ సూత్రంలో వేస్తే 54 − 35.9 = 18.1 వస్తుంది, అదీ ఒక్క రొయ్య లేని చోట. ఆ సూత్రం ఒకే దిబ్బ ఉండి, కొద్దిగా ఒక పక్కకు ఒరిగిన దత్తాంశానికే పనికొస్తుంది. ఆకారం చూడకుండా వాడితే ఇలాగే అవుతుంది.

ఓజివ్ వక్రం పని వేరు. "ఈ బరువు లోపు ఎన్ని?" అన్న ప్రశ్నకు దాన్ని మించింది లేదు. ఆరోహణ సంచిత పౌనఃపున్యాలను (కింది తరగతి నుంచి కూడుకుంటూ వచ్చిన సంఖ్యలను) ఎగువ హద్దుల దగ్గరే గుర్తించాలి. తరగతి మధ్య విలువ దగ్గర పెట్టడం పిల్లలు తరచూ చేసే తప్పు, అలా చేస్తే వక్రమంతా ఎడమకు జరుగుతుంది. 22 గ్రాముల దగ్గర, అంటే సుమారు 45 కౌంట్ సైజు దగ్గర, మొదటి చెరువు వక్రం 14 చూపిస్తుంది, రెండోది 12. అంటే ఆ సైజుకు వచ్చినవి 6, 8. రెండో చెరువు వక్రం 16 నుంచి 19 దాకా పడుకుని ఉంటుంది. సరిగ్గా 10 దగ్గరే పడుకోవడంతో n/2 (మొత్తం 20లో సగం) గీత ఆ ముక్క మొత్తాన్ని తాకుతుంది, మధ్యగతం ఎక్కడో తేలదు. సంచిత పౌనఃపున్యం n/2 దాటిన తరగతిని తీసుకుంటే సూత్రం 19 ఇస్తుంది, విడి విలువలు 18 ఇచ్చాయి. వక్రంలో పడుకున్న ముక్క అంటే సోపాన చిత్రంలో గుంత అని పిల్లలకు ఇక్కడే చూపించాలి.

మరి బాక్స్ ప్లాట్ దేనికి? చెరువులు ఎనిమిది ఉన్నప్పుడు. ఎనిమిది సోపాన చిత్రాలు ఒక పేజీలో పెడితే కంటికి ఏదీ ఆనదు, ఎనిమిది పెట్టెలు ఒకే కొలబద్ద మీద వరుసగా పెడితే ఏ చెరువు వెనకబడిందో, ఎందులో సైజు తేడా ఎక్కువో వెంటనే తెలుస్తుంది. కాకపోతే ముందు ఒక్కో చెరువుకు చుక్కల చిత్రం చూసి, రెండు దిబ్బలు లేవని తేల్చుకున్నాకే పెట్టె గీయాలి.

సగటా, మధ్యగతమా అన్న తగవు ఆకారం ఒక్కదానితో తీరదు, అడిగే ప్రశ్నను బట్టి కూడా ఉంటుంది. ఈశాన్య రుతుపవనాల కాలంలో అయిదు రోజుల వాన 0, 0, 4, 6, 190 మిల్లీమీటర్లు అనుకుందాం. సగటు 40, మధ్యగతం 4. మామూలు రోజు ఎలా ఉందంటే 4 సరైన జవాబు. చెరువులోకి మొత్తం ఎంత నీరు చేరిందంటే 40 కావాలి, దాన్ని 5తో గుణిస్తే 200 మిల్లీమీటర్లు తిరిగొస్తుంది. మధ్యగతానికి ఆ గుణం లేదు. రొయ్యల మొత్తం బరువు అంచనాకు కూడా సగటే దిక్కు.

కౌంట్లను మాత్రం నేరుగా సగటు చేయకూడదు. 75, 44 కౌంట్ల సగటు 59.5. కానీ రెండో చెరువులో 20 రొయ్యల మొత్తం బరువు 359 గ్రాములు, దాని ప్రకారం అసలు కౌంట్ సుమారు 56. కౌంట్ అనేది బరువుకు తిరగేసిన అంకె కాబట్టి ముందు గ్రాముల్లోకి మార్చి, సగటు కట్టి, ఆ తర్వాతే మళ్లీ కౌంట్‌లోకి రావాలి.

పిల్లలతో ఈ పని చేయిస్తే విసురు వల చెరువులో ఒకే మూల వేయకుండా నాలుగైదు చోట్ల వేయించండి. పడ్డవన్నీ కలిపి తూచి సంఖ్యతో భాగిస్తే సగటు ఒక్కటే మిగులుతుంది, ఆకారం పోతుంది. 1 గ్రాము తేడా చూపే కాటాతో ఒక్కోటీ తూచాలి. చతుర్థాంశాలకు ఏ పద్ధతి వాడారో కూడా రాయించండి. పై అయిదు రోజుల వానకు మధ్యగతం వదిలేసి పై సగానికి మధ్యగతం తీస్తే మూడో చతుర్థాంశం 98, కంప్యూటరులో ఎక్సెల్ మామూలు క్వార్టైల్ ఫార్ములా వేస్తే 6.