సీసా, టిన్ను, ప్లాస్టిక్, ప్యాకెట్: సీమలో ఏది మేలు?

మందు తాగొచ్చా, తాగకూడదా అన్న పంచాయితీ మనకొద్దు. తాగినాక చేతిలో మిగిలే ఖాళీది ఎక్కడికి పోతుందన్నదే ఇక్కడి లెక్క. కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో ఎక్కువగా కనబడేవి నాలుగు రకాలు: 650 మిల్లీలీటర్ల బీరు సీసా, 500 మిల్లీలీటర్ల టిన్ను, గాజులోనో ప్లాస్టిక్‌లోనో వచ్చే 180 క్వార్టరు, కర్ణాటక నుంచి దొంగచాటుగా దిగే టెట్రా ప్యాకెట్.

ముందు తూకం చూద్దాం. 650 బీరు సీసా ఖాళీగా 450 నుంచి 500 గ్రాముల దాకా ఉంటుంది. అంటే లీటరు బీరు వెంట 700 గ్రాముల పైగా గాజు ప్రయాణం చేస్తుంది. టిన్ను సుమారు 16 గ్రాములు, లీటరుకు 32. తొమ్మిది టన్నులు మోసే లారీలో సీసాలైతే దాదాపు 5,000 లీటర్ల బీరు పడుతుంది, టిన్నులైతే 8,500 దాకా పడుతుంది. ఈ ఒక్క లెక్క చూసి చాలామంది టిన్నుకు ఓటేస్తారు. తొందరపాటు అది. సీసా ఒకసారి వాడి పారేసేది కాదు. ఐదుసార్లు తిరిగితే ఒక్కో వాడకానికి వందలోపు గ్రాముల గాజు పడుతుంది, ఇరవైసార్లు తిరిగితే 25 గ్రాములకు దిగుతుంది. గోలీసోడా బండివాడు సీసా చేతికొచ్చేదాకా మనిషిని కదలనిచ్చేవాడు కాదు. ఆ సీసా అన్నేళ్ళు తిరిగిందంటే కారణం అదే.

గాజుకూ అల్యూమినియానికీ అసలు తేడా ఇంకోటుంది. గాజును కరిగిస్తే పెద్దగా కలిసొచ్చేది లేదు. కొలిమి ఎటూ 1,500 డిగ్రీల దగ్గర మండాల్సిందే. ముడిసరుకులో పదో వంతు పాత గాజు పెంకులు కలిపితే ఇంధనం 2.5 నుంచి 3 శాతం తగ్గుతుంది, అంతే. అల్యూమినియం కథ వేరు. ఖనిజం నుంచి కిలో తీయడానికి 14–15 యూనిట్ల కరెంటు కావాలి. మన దేశంలో ఆ కరెంటు ఎక్కువగా బొగ్గుదే. పాత టిన్నులు కరిగించి కిలో తీస్తే అందులో 5 శాతం శక్తి చాలు. కాబట్టి సీసాను కడిగితేనే లాభం, టిన్నును కరిగిస్తేనే లాభం. పగిలిన సీసా ప్రహరీ గోడ మీద గుచ్చడానికో, పెంకులుగా తూకానికి వేయడానికో తప్ప కొరగాదు. చెత్తకుప్పలో పడిన టిన్నంటే, 16 గ్రాములకు పావు యూనిట్ చొప్పున కరెంటును పారేసినట్టే.

సీసా కడగడం

"నీళ్ళే లేని అనంతపురంలో సీసాలు కడుగుతారా" అని అడిగేవాళ్ళున్నారు. అడగాల్సిన ప్రశ్నే. బాగా నడిచే వాషింగ్ మిషన్ సీసాకు 200 నుంచి 400 మిల్లీలీటర్ల నీళ్ళు తీసుకుంటుంది, పాతదైతే దానికి రెట్టింపు. అదే సీసాలోకి పోసే బీరు తయారీకి లీటరుకు 4 నుంచి 6 లీటర్ల నీళ్ళు ఖర్చవుతాయి. అంటే నీళ్ళ దుబారా ఎక్కువగా బ్రూవరీ లోపల జరుగుతోంది, సీసా దగ్గర కాదు. పైగా కొత్త సీసానైనా నింపే ముందు నీళ్ళతో జాడించాల్సిందే.

పని ఇలా సాగుతుంది. ముందు మనుషులు ఏరాలి. మూతి పెచ్చులూడినవి, లోపల సున్నమో సిమెంటో గట్టిపడినవి, కిరసనాయిలు, పెట్రోలు, పురుగుమందు వాసన కొట్టేవి పక్కకు పోవాలి. పల్లెల నుంచి వచ్చే లోడులో ఈ చివరి రకం ఎప్పుడూ ఉంటుంది, ముక్కుతో పట్టాల్సిందే. తర్వాత 35–40 డిగ్రీల నీళ్ళలో నానబెట్టడం. దీనికి కొత్త నీళ్ళు అక్కర్లేదు, చివరి జాడింపు నుంచి వచ్చినవే చాలు. ఆపైన 2 శాతం కాస్టిక్ సోడా తొట్టి, మొదట 60, తర్వాత 75–80 డిగ్రీలు, మొత్తం పది పదిహేను నిమిషాలు. అక్కడి నుంచి మెట్లుమెట్లుగా చల్లబరుస్తూ మంచినీళ్ళ దాకా. ఒక తొట్టికీ తర్వాతి తొట్టికీ 25–30 డిగ్రీలకు మించి తేడా ఉంటే సీసా అడుగు ఊడిపోతుంది. వేడెక్కేటప్పటి కంటే చల్లారేటప్పుడే పగుళ్ళు ఎక్కువ.

లేబుల్ దగ్గరే చాలామంది దెబ్బతింటారు. తడికి నానిపోని కాగితానికి కాస్టిక్‌లో వదిలే జిగురు వేస్తే లేబుల్ రేకులా ఊడి జల్లెడలో పడుతుంది. నాసి కాగితమైతే గుజ్జయి మిషన్‌లో నీళ్ళు చిమ్మే ముక్కులన్నీ మూసేస్తుంది. మెడకు అందం కోసం చుట్టే వెండిరంగు అల్యూమినియం రేకు ఇంకా చెడ్డది. అది కాస్టిక్‌లో కరిగి, కాస్టిక్‌ను తినేసి, హైడ్రోజన్ వాయువు వదులుతుంది. గాలి ఆడని షెడ్డులో అది మంట పట్టే ప్రమాదం. సీసా తిరిగి రావాలనుకునేవాడు ఆ రేకు జోలికి పోకూడదు.

ఇక మన బోరు నీళ్ళ కాఠిన్యం. కాస్టిక్‌తో కలిసి తెల్లటి పొర కడుతుంది, ఆరిన సీసా మసకగా కనబడుతుంది, కొన్నవాడు మురికి అనుకుంటాడు. చివరి జాడింపుకు సాఫ్ట్‌నర్‌తో కాఠిన్యం తీసిన నీళ్ళు వాడాలి, కాస్టిక్‌లో పొర కట్టనివ్వని సోడియం గ్లూకోనేట్ కాస్త కలపాలి. ఆర్ఓ ప్లాంటు పెడితే బయటికి పోయే ఉప్పు నీళ్ళను నేల కడగడానికీ క్రేట్లు కడగడానికీ మళ్ళించాలి, సీసాకు వద్దు. కడిగినాక లోపల ఫినాఫ్తలీన్ (కాస్టిక్ తగిలితే రంగు మారే మందు) చుక్క వేస్తే గులాబీ రంగు రాకూడదు. వస్తే కాస్టిక్ మిగిలినట్టే. వాడేసిన కాస్టిక్ నీళ్ళను వంకలోకి వదలడం నేరం. పి.హెచ్. 5.5కూ 9కీ మధ్యకు తెచ్చాకే బయటికి పోవాలి.

ఇన్ని చేసినా సీసా రాకపోతే అంతా వృథా. కంపెనీ పేరు ఉబ్బెత్తుగా అచ్చుపోసిన సీసాను ఇంకో కంపెనీ నింపలేదు. గుజరీ (పాత సామాన్ల) అంగడివాళ్ళు రకాలవారీగా ఏరి, లోడు నిండేదాకా దాచాలి. చోటు లేనివాడు పెంకులు చేసి తూకానికి వేస్తాడు. అందరూ ఒకే రకం సాదా సీసా వాడితే ఈ తిప్పలు సగం పోతాయి. తమిళనాడు వేరే దారి పట్టింది. మద్రాసు హైకోర్టు జోక్యంతో 2022 మే నుంచి నీలగిరి జిల్లాలో సీసాకు పది రూపాయలు ఎక్కువ తీసుకుని, ఖాళీది తెస్తే ఆ పది తిరిగిచ్చే పద్ధతి పెట్టారు. అమ్మిన సీసాల్లో ఎక్కువ భాగం వెనక్కి వచ్చాయి. పది రూపాయల కోసం మనిషి వంగుతాడు, నీతి బోధకు వంగడు.

టిన్ను

గాజు పెంకుల మీద గుజరీవాడికి మోజు లేదు, టిన్ను మీద ఉంది. అరవై పైచిలుకు టిన్నులైతే కిలో. అందుకే పట్టణాల్లో రోడ్డు పక్కన టిన్ను ఎక్కువ సేపు పడి ఉండదు. ఎండకూ ఇది నయం. వెలుతురు సోకదు, గాలి చొరబడదు. మే నెల 43 డిగ్రీల్లో రేకుల షెడ్డులో ఏ బీరైనా పాడవుతుంది గానీ, ఆకుపచ్చ సీసాలోది అందరికంటే ముందు వాసన మారుతుంది.

దీనికున్న బలహీనత నీళ్ళలో ఉంది. టిన్ను లోపల పలచటి పూత ఉంటుంది. పానీయంలో క్లోరైడ్ లీటరుకు 300 మిల్లీగ్రాములు దాటితే, పూతలో సూది మొనంత లోపమున్నా అక్కడ అల్యూమినియం తూట్లు పడుతుంది. ఉప్పు నీటి బోర్లున్న చోట పరీక్ష చేయించకుండా టిన్నుకు పోకూడదు. పెట్టెలో ఒక్కటి కారితే చుట్టూ ఉన్నవాటినీ బయటి నుంచి తినేస్తుంది. మూత బిగింపునూ కంటితో చూసి నమ్మలేం. రోజూ కొన్ని టిన్నులు కోసి, రెండంచులూ ఎంత మడతపడ్డాయో కొలవాలి.

ప్లాస్టిక్, ప్యాకెట్

ప్లాస్టిక్ క్వార్టరు సుమారు 20 గ్రాములు. పగలదు, అంగడివాడికి సుఖం. దాన్ని మళ్ళీ నింపడానికి కుదరదు, ఎందుకంటే ప్లాస్టిక్ వాసనలు పీల్చుకుంటుంది. ముక్కలు చేసి పీచు తీయడానికే పనికొస్తుంది, అదీ చుట్టూ ఉన్న తొడుగు పి.వి.సి. కాకపోతే. నీళ్ళ తొట్టిలో మూత తేలుతుంది, సీసా ముక్క మునుగుతుంది, అలా వేరు చేస్తారు. పి.వి.సి. కూడా మునుగుతుంది కాబట్టి వేరు పడదు, కొంచెం కలిసినా మొత్తం కరుగులో నల్లమచ్చలు. ఆ తొడుగు బదులు మూతలాగే నీళ్ళలో తేలే లేబుల్ వేస్తే చాలు, ఆ గొడవే ఉండదు. బీరుకైతే ప్లాస్టిక్ వద్దు. గాలి లోపలికి, గ్యాసు బయటికి పోతూనే ఉంటాయి, ఎండాకాలం ఇంకా వేగంగా.

టెట్రా ప్యాకెట్ తయారీ లెక్కలో అందరికంటే తేలిక. ముప్పావు వంతు కాగితం, ఐదో వంతు పాలిథీన్, 5 శాతం అల్యూమినియం. చల్లటి దేశాల నివేదికల్లో దీనికి మంచి మార్కులు పడతాయి, అక్కడ ఏరి మిల్లుకు పంపే ఏర్పాటు ఉంది గనక. ఆదోని, మంత్రాలయం, రాయదుర్గం వైపు పొలం గట్ల మీద ఎండుతున్న 90, 180 ప్యాకెట్లను అడిగే నాథుడు లేడు. ఈ మూడింటినీ విడదీయాలంటే ప్రత్యేక యంత్రం కావాలి, గుజరీ తక్కెడలో దానికి విలువ సున్నా. మన జిల్లాల్లో దీనికి చివరి స్థానం.

చిన్న వైనరీకి

దానిమ్మ, ద్రాక్ష, చీనీ పండే చోట పండ్ల వైను పెట్టాలన్న ఆలోచన చాలామందికి వస్తోంది. లైసెన్సు ఉంటేనే, లేబుల్‌కు ఎక్సైజ్ అనుమతి వచ్చాకే అన్నది చెప్పక్కర్లేదు. ఇక్కడ టిన్ను మోజులో పడితే దెబ్బ. వైను చెడకుండా వేసే సల్ఫర్ డయాక్సైడ్ దేనితోనూ కలవకుండా విడిగా 35 పి.పి.ఎం. (లీటరుకు 35 మిల్లీగ్రాములు) దాటి ఉంటే టిన్ను గోడతో కలిసి కుళ్ళిన గుడ్ల వాసన పుడుతుంది. తగ్గిస్తే మన ఎండకు వైను నిలవదు. 200 లీటర్ల తొట్టికి 750 మిల్లీలీటర్ల సీసాలు 266, చేతి బిగింపు మిషను చాలు. 200 కిలోమీటర్ల లోపల, ఒకే దారిలో అమ్మేదైతే తిరిగొచ్చే తేలిక సీసా. బెంగళూరు, హైదరాబాదు దాటి పోయే బీరుకైతే టిన్ను. హోటల్లో కుళాయి పెట్టి పోసేదైతే 30 లీటర్ల స్టీలు కెగ్గు (పీపా) అన్నిటికంటే మేలు, ఒక్కటి 46 బీరు సీసాల పని చేస్తుంది, ఏళ్ళ తరబడి తిరుగుతుంది.

సీసా తిరిగి రావాలంటే అట్టపెట్టెలో పంపకండి. ఖాళీ అయ్యేసరికి అట్ట చినిగి, సీసాలు గోనెసంచిలో ఒకదానికొకటి కొట్టుకుంటూ వస్తాయి, మూతులు అక్కడే పోతాయి. పన్నెండు గళ్ళ ప్లాస్టిక్ క్రేటులో పంపి, క్రేటుకు కూడా డిపాజిట్ పెట్టండి. సరుకు దించిన బండే ఖాళీ క్రేట్లు ఎక్కించుకుని రావాలి.