పండగ వారమా, జనవరా, మూడో దేశమా? దూరాన ఉన్న పార్టనర్‌ని చలికాలంలో కలవడానికి ఏది మేలు

వేరే దేశంలో ఉన్న పార్టనర్‌ని చలికాలం సెలవుల్లో కలవడానికి మూడు దారులున్నాయి. డిసెంబర్ ఆఖరి పది రోజుల్లో వాళ్లుండే ఊరికే వెళ్లడం ఒకటి. రద్దీ తగ్గాక జనవరిలో వెళ్లడం రెండోది. ఇద్దరూ బయల్దేరి మూడో దేశంలో కలుసుకోవడం ఇంకొకటి. చాలామంది వీటిని టికెట్ ధరతోనే తూస్తారు. ధర ముఖ్యమే. కానీ ఇద్దరూ ఖాళీగా, మెలకువగా, ఒకే చోట ఉండే పూర్తి రోజులు ఎన్ని వస్తాయన్నది అంతకంటే ముఖ్యం. మొత్తం ఖర్చును ఆ రోజులతో భాగించి చూడండి. చవక అనుకున్న టికెట్టే ఎక్కువ పడిందని తేలడం మామూలే.

మీకు పది రోజుల సెలవు ఉందనుకుందాం. రానూపోనూ ప్రయాణానికి రెండు రోజులు పోతాయి. రెండు ఊళ్ల మధ్య ఐదారు గంటలకు మించి తేడా ఉంటే, అందులోనూ తూర్పువైపు ప్రయాణమైతే, మొదటి ఒకటి రెండు రోజులు నిద్రమత్తులోనే గడుస్తాయి. మిగిలేది ఆరేడు రోజులు. డిసెంబర్ 24 నుంచి జనవరి 1 వరకు ఆఫీసులు మూసి ఉండే చోట ఆ ఆరేడూ మీవే. జనవరి మధ్యలో వెళ్తే వాటిలో నాలుగైదు పని దినాలు ఉంటాయి. పార్టనర్ సెలవు పెట్టలేకపోతే సాయంత్రం నాలుగైదు గంటలే కలిసి ఉంటారు, పగలంతా తెలియని ఊళ్లో మీరొక్కరే.

అందుకని ముందుగా అడగాల్సింది పార్టనర్ పని గురించి. ఆసుపత్రి, హోటల్, దుకాణం, సరుకు రవాణా లాంటి ఉద్యోగాల్లో పండగ వారమే అన్నిటికంటే బరువైన వారం. అలాంటివాళ్ల దగ్గరికి డిసెంబర్‌లో వెళ్లడం దండగ, జనవరి రెండో వారం మేలు. విద్యార్థుల సంగతి దేశాన్నిబట్టి మారుతుంది. అమెరికాలో సెమిస్టర్ డిసెంబర్ మధ్యకల్లా ముగుస్తుంది, సాధారణంగా జనవరి మధ్యదాకా ఖాళీ ఉంటుంది. జర్మనీలో పండగ సెలవు రెండు వారాలే. పరీక్షలు జనవరి ఆఖరు, ఫిబ్రవరి ప్రాంతంలో పడతాయి కాబట్టి జనవరి అంతా చదువు ఒత్తిడే.

పండగ వారం

పార్టనర్‌కి సెలవులుండి, మీ చేతిలో వీసా ఉంటే మా ఓటు దీనికే. టికెట్ తేదీల్లో మాత్రం జాగ్రత్త కావాలి. క్రిస్మస్‌కి ముందు వచ్చే శని, ఆదివారాలు, జనవరి 2 తర్వాత వచ్చే మొదటి వారాంతం బాగా రద్దీగా ఉంటాయి. డిసెంబర్ 24 సాయంత్రం, 25, 31, జనవరి 1 తేదీల్లో సాధారణంగా కాస్త తెరపి ఉంటుంది. 24న బయల్దేరి జనవరి 1న తిరిగొస్తే సెలవూ తక్కువే ఖర్చవుతుంది.

దిగే రోజు ఏం నడుస్తుందో ఒకసారి చూసుకోవాలి. బ్రిటన్‌లో డిసెంబర్ 25న రైళ్లు దాదాపు పూర్తిగా ఆగిపోతాయి, లండన్ మెట్రో కూడా తిరగదు. ఆ రోజు దిగేవాళ్లు టాక్సీనో దూరప్రాంత బస్సునో ముందే బుక్ చేసుకోవాలి. జర్మనీలో 24 మధ్యాహ్నం రెండింటికల్లా దుకాణాలు మూసేస్తారు, 25, 26 సెలవులు. ఇంట్లోకి కావాల్సిన సరుకులు 23కల్లా తెచ్చిపెట్టమని పార్టనర్‌కి చెప్పండి. జపాన్‌లో డిసెంబర్ 25 మామూలు పనిదినమే. అక్కడ ప్రభుత్వ కార్యాలయాలు డిసెంబర్ 29 నుంచి జనవరి 3 వరకు మూసి ఉంటాయి, కాబట్టి ఆ వారం చూసుకుని వెళ్లాలి.

ఈ వారంలో అసలు ప్రమాదం ధరకంటే నిండిపోయిన విమానాలతోనే. మంచు వల్ల విమానం రద్దయినప్పుడు మామూలు రోజుల్లో తర్వాతి విమానంలో సీటిస్తారు. పండగ వారంలో ఆ తర్వాతి విమానమూ, దాని తర్వాతిదీ నిండే ఉంటాయి. ఒక్క రద్దుతో రెండు మూడు రోజులు పోవచ్చు. అందుకే మిగతా ఏ నెలలో పొదుపు చేసినా ఇక్కడ మాత్రం డైరెక్ట్ విమానానికి ఎక్కువ ఇవ్వడం న్యాయమే. మధ్యలో మారక తప్పదంటే మొత్తం ప్రయాణం ఒకే పీఎన్ఆర్ మీద ఉండాలి. నడుమ రెండున్నర నుంచి మూడు గంటల వ్యవధి పెట్టుకోండి. బుకింగ్ సైటు చూపించే గంటంబావు వ్యవధి వేసవికి సరిపోవచ్చు. రెక్కల మీద మంచు కరిగించే ద్రవం చల్లించుకోవడానికి విమానాలు వరసలో నిలబడే రోజున అది చాలదు. మారే విమానం ఆ రోజుకి ఆఖరిది కాకుండా చూసుకోండి, తప్పిపోతే రాత్రికి దిక్కుండదు.

పొద్దున తొలి విమానమే క్షేమమని చెప్పే సలహా సగమే నిజం. రోజు గడిచేకొద్దీ ఆలస్యాలు పోగవుతాయన్నది నిజమే. కానీ పొగమంచు దట్టంగా ఉండేదీ తెల్లవారుజామునే. చూపు ఆనని సమయంలో గంటకు దిగే విమానాల సంఖ్య తగ్గించేస్తారు. పొగమంచుకి పేరుపడ్డ విమానాశ్రయమైతే పదకొండు తర్వాతి విమానం మేలు, మంచు కురిసే ఊరైతే పొద్దుటిదే మేలు.

వేర్వేరు టికెట్లు కొని మధ్యలో కలుపుకునే పద్ధతి ఈ వారంలో వద్దే వద్దు. మొదటి విమానం ఆలస్యమైతే రెండో సంస్థకు ఏ బాధ్యతా ఉండదు. సామాను తీసుకుని మళ్లీ చెకిన్ చేయాలి. అంటే చాలాచోట్ల ఇమిగ్రేషన్ దాటాలి, దానికి వీసా కావాలి. ఒకే టికెట్ మీద ఉన్నా అమెరికా మీదుగా వెళ్లేవాళ్లు అక్కడ ఇమిగ్రేషన్ దాటక తప్పదు. ఒకే వీసాతో తిరగగల యూరప్ దేశాల బృందమైన షెంగెన్‌లో రెండు విమానాశ్రయాల్లో, ఉదాహరణకు ఫ్రాంక్‌ఫర్ట్‌లో, మళ్లీ పారిస్‌లో మారితే షెంగెన్‌లోకి ప్రవేశించినట్టే లెక్క. ఇంకో సంగతి: వెళ్లే టికెట్‌లో మొదటి విమానం ఎక్కకపోతే మిగతా విమానాలతోపాటు తిరుగు టికెట్ కూడా మామూలుగా రద్దయిపోతుంది. వేరే దారిలో చేరుకుంటున్నామని ముందే సంస్థతో మాట్లాడి, రాతపూర్వకంగా ఒప్పించుకోండి.

యూరోపియన్ యూనియన్ విమానాశ్రయం నుంచి బయల్దేరే విమానాలకూ, యూనియన్ విమాన సంస్థలు బయటి నుంచి అక్కడికి నడిపే విమానాలకూ ప్రయాణికుల హక్కుల నిబంధన 261/2004 వర్తిస్తుంది. వాతావరణం వల్ల రద్దయితే 250 నుంచి 600 యూరోల పరిహారం రాదు. కానీ భోజనం, రాత్రి బస, ఇంకో విమానంలో సీటు ఇవ్వాల్సిందే. కంగారులో టికెట్ డబ్బు వాపసు అడిగేస్తే మాత్రం బస, భోజనాల బాధ్యత అక్కడితో తీరిపోతుంది. పార్టనర్‌ని చేరుకోవడమే ముఖ్యమైతే వాపసు అడక్కండి, ఇంకో విమానం అడగండి.

జనవరి

టికెట్ చవక, విమానంలో ఖాళీ, ఏదైనా తప్పినా మర్నాటికి సీటు. పార్టనర్‌కి నాలుగైదు రోజుల సెలవు మిగిలి ఉంటే ఇది చక్కటి ఎంపిక. అయితే జనవరి అంతటా రద్దీ లేనిదని అనుకోకండి. స్పెయిన్, ఇటలీ, ఆస్ట్రియా, పోలండ్, స్వీడన్‌లలో జనవరి 6 సెలవుదినం కాబట్టి అక్కడ రద్దీ తగ్గేది 7 తర్వాతే. ఆస్ట్రేలియాలో జనవరి ఆఖరుదాకా బడి సెలవులు. తూర్పు ఆసియాకి వెళ్తే చాంద్రమాన కొత్త సంవత్సరం ఎప్పుడొచ్చిందో చూడండి, అది 2026లో ఫిబ్రవరి 17న, 2027లో ఫిబ్రవరి 6న.

ఇంటి సంగతీ ఉంది. పార్టనర్ రూమ్‌మేట్లతో ఉంటే, పండగ వారంలో వాళ్లు సొంతూళ్లకు వెళ్లి ఇల్లు ఖాళీగా ఉంటుంది, జనవరికి అందరూ తిరిగొస్తారు. హాస్టల్లో ఉంటే అతిథి ఎన్ని రాత్రులు ఉండొచ్చో రాతలో అడిగి తీసుకోండి. అమెరికాలో కొన్ని హాస్టళ్లు శీతాకాలం సెలవుల్లో పూర్తిగా మూసేస్తారు.

మూడో దేశం

వినడానికి ఇదే అందంగా ఉంటుంది. పైగా చీకటి రోజుల నుంచి తప్పించుకోవచ్చు. డిసెంబర్ ఆఖర్లో స్టాక్‌హోంలో పగలు ఆరు గంటలే, సిడ్నీలో పద్నాలుగు గంటలు దాటుతుంది. కానీ ఖర్చు రెండు టికెట్లు, అన్ని రాత్రులకూ హోటల్. రద్దయ్యే అవకాశం కూడా రెండింతలు, ఏ ఒక్కరి విమానం ఆగినా ఇద్దరి రోజులూ పోతాయి. దీన్ని మేం మూడో స్థానంలో పెడతాం, ఒక్క సందర్భంలో తప్ప: మీకు పార్టనర్ దేశం వీసా ఆ లోపు దొరికే దారి లేనప్పుడు.

అలా వెళ్లేముందు పార్టనర్ తిరిగి లోపలికి రాగలరా అన్నది తేల్చుకోండి. చాలా ప్లాన్లు కూలేది ఇక్కడే. అమెరికాలో ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద ఉన్నవాళ్లకు చదువు హోదా సరిగ్గానే ఉన్నా, పాస్‌పోర్టులోని వీసా గడువు దాటితే బయటికెళ్లాక సాధారణంగా కొత్త వీసా తీసుకునే తిరిగి రావాలి. కాలేజీ ఇచ్చే ఐ-20 పత్రం మీద ప్రయాణ సంతకం కూడా ఉండాలి. బ్రిటన్‌లో వీసా పొడిగింపుకి దరఖాస్తు పెట్టి, నిర్ణయం రాకముందే దేశం దాటితే ఆ దరఖాస్తు వెనక్కి తీసుకున్నట్టే లెక్కగడతారు. రెసిడెన్స్ పర్మిట్ రెన్యువల్‌లో ఉన్నవాళ్లు కదలకపోవడమే మంచిది.

హోటల్ బుకింగ్‌లో ఇద్దరి పేర్లూ రాయించండి, ఎవరు ముందు దిగినా గది ఇస్తారు. కొన్ని దేశాల్లో పెళ్లికాని జంటలకు, మరికొన్నిచోట్ల స్వలింగ జంటలకు చట్టం అడ్డొస్తుంది. టికెట్ కొనకముందే చూసుకోవాల్సిన విషయం ఇది.

వీసా, కాగితాలు

షెంగెన్ వీసాకి ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయొచ్చు, కనీసం 15 రోజుల ముందు చేసి తీరాలి. నిర్ణయానికి మామూలుగా 15 రోజులు, అవసరమైతే 45 రోజులదాకా పట్టొచ్చు. డిసెంబర్‌కి అపాయింట్‌మెంట్లు ముందే అయిపోతాయి కాబట్టి సెప్టెంబర్‌లోనే మొదలెట్టండి. బీమా కనీసం 30,000 యూరోలకు ఉండాలి. పాస్‌పోర్టు జారీ అయి పదేళ్లు దాటకూడదు, తిరిగొచ్చే తేదీ తర్వాత మూడు నెలలు చెల్లాలి. బ్రిటన్ విజిటర్ వీసాకి మూడు నెలల ముందు నుంచే దరఖాస్తు తీసుకుంటారు. పార్టనర్ ఇంట్లో ఉండేట్టయితే ఫ్రాన్స్‌లో స్థానిక మునిసిపల్ కార్యాలయం ఇచ్చే ఆతిథ్య పత్రం కావాలి. జర్మనీలో ఖర్చు పార్టనర్ భరించేట్టయితే విదేశీయుల కార్యాలయం నుంచి ఆర్థిక బాధ్యత పత్రం తీసుకోవాలి. ఈ రెండూ పార్టనరే స్వయంగా వెళ్లి తెచ్చుకోవాల్సినవి, వాళ్ల అపాయింట్‌మెంట్‌కీ సమయం పడుతుంది.

ఎవరిని కలవడానికి వెళ్తున్నారని అడిగితే పార్టనర్‌ని అనే చెప్పండి. ప్రేమ సంగతి చెబితే వీసా రాదన్న భయంతో కొందరు స్నేహితుడనో టూరిజం అనో రాస్తారు. అబద్ధమని తేలితే బ్రిటన్‌లో పదేళ్లదాకా దరఖాస్తులు తిరస్కరించే వీలుంది, అమెరికాలో శాశ్వత అనర్హత పడొచ్చు. అధికారి చూసేది మీరు తిరిగి వెళ్తారా లేదా అన్నదే. దానికి జవాబు ఉద్యోగం ఇచ్చిన సెలవు మంజూరు పత్రం, జీతం జమ చూపే బ్యాంకు స్టేట్‌మెంట్, తిరుగు టికెట్ బుకింగ్. వీసా రాకముందు డబ్బు తిరిగిరాని టికెట్ కొనకండి. అమెరికాకి వచ్చే, అక్కడి నుంచి వెళ్లే విమానాల్లో, ప్రయాణానికి ఏడు రోజులో, అంతకు మించో సమయముండి టికెట్ నేరుగా విమాన సంస్థ దగ్గరే తీసుకుంటే, 24 గంటల్లోపు ఉచితంగా రద్దు చేసుకోవడానికో, డబ్బు కట్టకుండా ధరను ఆపి ఉంచుకోవడానికో వీలివ్వాలన్న నిబంధన ఉంది. ఆ ఒక్క రోజులో ఇద్దరూ సెలవులు ఖాయం చేసుకోవచ్చు.