ఏకాదశి ఉపవాసమా, కీటో డైటా? పాంక్రియాస్‌కి ఏది మేలు?

తిరుపతిలో పెద్దవాళ్లు ఏకాదశికి ఉపవాసం ఉంటారు, కుర్రాళ్లు జిమ్‌లో ఎవరో చెప్పారని పిండిపదార్థం బాగా తగ్గించి కొవ్వు ఎక్కువగా తినే కీటో మొదలుపెడతారు. రెండింట్లోనూ కీటోన్లు (కొవ్వు నుంచి ఒంట్లో తయారయ్యే ఇంధనం) పెరుగుతాయి కదా, రెండూ ఒకటేగా అని చాలామంది అడుగుతుంటారు. ఒకటి కాదు.

తిండి ఆగితే పాంక్రియాస్ (క్లోమం) ఇన్సులిన్ తగ్గిస్తుంది, దానికి ఎదురుగా పనిచేసే గ్లూకగాన్ అనే హార్మోన్ పెంచుతుంది. కొవ్వు కరుగుతుంది, ఆ కొవ్వుతో లివర్ కీటోన్లు తయారుచేస్తుంది. అసలు విశేషం ఆ తర్వాత ఉంది. పెరిగిన కీటోన్లే పాంక్రియాస్ చేత కాస్త ఇన్సులిన్ విడుదల చేయిస్తాయి. 1964లోనే కుక్కల మీద చేసిన ప్రయోగాల్లో ఇది కనిపించింది. ఆ కొద్దిపాటి ఇన్సులిన్ బ్రేకులా పనిచేసి, కొవ్వు అదేపనిగా కరిగిపోకుండా ఆపుతుంది. ఆరోగ్యంగా ఉన్న మనిషి రెండు రోజులు పస్తున్నా రక్తం ప్రమాదకరంగా ఆమ్లం కాకపోవడానికి ఇదొక కారణం. టైప్ 1 షుగర్ జబ్బు ఉన్నవాళ్లకి ఇన్సులిన్ చేసే కణాలే దెబ్బతిని ఉంటాయి కాబట్టి ఈ బ్రేకు పడదు. అందుకే ఇన్సులిన్ మానేసి ఉపవాసం ఉండటం వాళ్లకి ప్రాణాల మీదికి తెస్తుంది. ఇక ఫలహారం పేరుతో ఉప్మా, అరటిపళ్లు తింటే కీటోన్లు పెరగనే పెరగవు.

కీటోలో పిండిపదార్థం రోజుకి 50 గ్రాములు దాటకూడదు. పెద్ద సంగటి ముద్ద ఒక్కటి తింటే ఆ లెక్క దాటిపోయినట్టే. టైప్ 2 షుగర్ జబ్బు ఉన్నవాళ్లకి దీంతో షుగర్ తగ్గే మాట నిజమే. కానీ నెలల తరబడి పిండిపదార్థం ముట్టని ఒంటికి ఒక్కసారిగా తీపి తగిలితే ఇన్సులిన్ వెంటనే అందుకోదు. దర్శనమయ్యాక సగం లడ్డూ తిన్నా మీటర్‌లో అంకె చూసి టెన్షన్ పడాల్సి రావచ్చు.

నన్నడిగితే టైప్ 2 వాళ్లకి రెండూ అక్కర్లేదు. సంగటి ముద్ద సగం చేసి, రాత్రి ఏడింటికల్లా భోజనం ముగించి, పొద్దున దాకా ఏమీ తినకుండా ఉండటం మేలు. గ్లిమెపిరైడ్ అనే షుగర్ మాత్ర గానీ ఇన్సులిన్ గానీ వాడేవాళ్లు దీనికైనా ముందు డాక్టర్‌ని అడగాలి, షుగర్ పడిపోవచ్చు.

మూత్రంలో షుగర్‌ని బయటికి పంపే డాపాగ్లిఫ్లోజిన్ మాత్ర వాడేవాళ్లు మాత్రం కీటో జోలికి వెళ్లొద్దు. ఆ మాత్రతో గ్లూకగాన్ పెరుగుతుంది, షుగర్ 150 ఉన్నా కీటోన్లు ప్రమాద స్థాయికి చేరొచ్చు. వాంతులు, ఆయాసం వస్తే గ్లూకోమీటర్‌ని నమ్ముకుని ఇంట్లో కూర్చోకుండా ఆసుపత్రికి వెళ్లి రక్తంలో కీటోన్లు చూడమని అడగండి. మూత్రం స్ట్రిప్పు ఒక రకం కీటోన్‌నే పట్టుకుంటుంది, ఇలాంటప్పుడు ఎక్కువగా ఉండే బీటా హైడ్రాక్సీ బ్యూటిరేట్ అనే కీటోన్ దానికి దొరకదు.