టీబీ మాత్రలు సక్రమంగా వేసుకుంటున్నారా? తెలుసుకోవడానికి ఏ పద్ధతి మేలు?

మామూలు టీబీకి ఆరు నెలల చికిత్సలో 168 డోసులు ఉంటాయి. మొదటి 56 రోజులు నాలుగు మందులు, తర్వాత 112 రోజులు మూడు. చాలామందికి రెండో నెల దాటేసరికి దగ్గు తగ్గి, ఆకలి పుట్టి, మళ్లీ పనికి వెళ్లే ఓపిక వస్తుంది. మాత్రల మీద శ్రద్ధ తగ్గేది కూడా అప్పుడే. చీటీ మీద రాసిన మందు నిజంగా కడుపులోకి వెళుతోందా అన్నది కనిపెట్టడానికి పద్ధతులు చాలానే ఉన్నాయి. ఒక్కొక్కటి ఒక్కో చోట గుడ్డిది.

అన్నిటికన్నా పాతది మాత్రల లెక్క. 1956లో మద్రాసులో మొదలైన టీబీ పరిశోధన కేంద్రం, శానటోరియంలో, అంటే టీబీ ఆసుపత్రిలో కాక ఇంటి దగ్గరే ఉంచి చికిత్స చేయవచ్చని ప్రపంచానికి చూపించింది. అక్కడి సిబ్బంది చెప్పాపెట్టకుండా ఇళ్లకు వెళ్లి, మిగిలిన మాత్రలు లెక్కపెట్టి, మూత్రం కూడా పరీక్షకు తీసుకునేవారు. చెప్పకుండా వెళ్లడంలోనే ఉంది కిటుకంతా. వస్తున్నారని ముందే తెలిస్తే, మిగిలిన మాత్రలను పారబోయడం ఎవరికైనా తేలికే.

లెక్క సరిగ్గా ఉన్నా దానిలో ఇంకో లోపం ఉంది. 168 రోజుల్లో 33 రోజులు మానేసిన మనిషి కూడా 80 శాతం వేసుకున్నట్టే. అయిదారు రోజులకొకసారి మరిచిపోయినవారికీ, ఊరు వెళ్లి నెలకు పైగా మాత్ర ముట్టనివారికీ వచ్చే అంకె ఒకటే. ఆ ఇద్దరికీ కావలసిన సాయం మాత్రం ఒకటి కాదు. అందుకే ఉత్త శాతాన్ని నేను నమ్మను. ఏ తేదీల్లో మానేశారో తెలియాలి.

మూత్ర పరీక్ష అబద్ధం చెప్పదు. టీబీ మందుల్లో ఒకటైన ఐసోనయాజిడ్ ఒంట్లోకి వెళ్లిందో లేదో రంగు మార్పుతో తెలిసిపోతుంది. మరో మందు రిఫాంపిసిన్ వేసుకున్న కొన్ని గంటలకే మూత్రం నారింజ రంగులోకి తిరుగుతుంది. కానీ ఈ సాక్ష్యం నిన్నటికీ ఈ రోజుకీ మాత్రమే. ఆసుపత్రికి వచ్చే ముందు రోజు మాత్రమే వేసుకున్నవారూ ఇందులో నెగ్గుతారు.

ఎదురుగా మింగించే డాట్స్ పద్ధతిలో సందేహానికి చోటు తక్కువ. దాని భారమంతా పడేది రోగి మీద. మన దేశంలో వారానికి మూడుసార్లు వేసుకునే మందును 2017లో రోజువారీకి మార్చారు. రోజూ కేంద్రానికి వెళ్లి రావాలంటే కూలి మనిషికి ఆ పూట పని పోతుంది. పైగా వీధిలో నలుగురికీ జబ్బు సంగతి తెలుస్తుంది. ఇంత కష్టపెట్టినా, ఇంట్లో స్వయంగా వేసుకున్నవారికన్నా వీరికి ఎక్కువగా నయమవుతుందని పలు పరిశోధనలను కలిపి చూసిన 2015 నాటి కొక్రేన్ సమీక్షలో తేలలేదు.

మిస్డ్ కాల్ పద్ధతి, అంటే 99డాట్స్, మన దేశంలో పుట్టినదే. మాత్రను అట్టలోంచి నొక్కి తీస్తే వెనక దాగిన నంబరు కనబడుతుంది. దానికి ఉచితంగా కాల్ చేస్తే ఆ రోజు డోసు నమోదవుతుంది. ఖర్చు తక్కువ, ఆలోచన చక్కనిది. అయితే ఇంట్లో ఒకటే ఫోను ఉండి అది కొడుకు జేబులో ఉంటే, మాత్ర మింగిన తల్లి కూడా మానేసినట్టే లెక్కలోకి వస్తుంది.

వీటన్నిటిలో నా మొగ్గు తెరిచిన ప్రతిసారీ సమయం నమోదు చేసే మందుల పెట్టె వైపు. పెట్టె తెరిచి మాత్ర మింగకపోవచ్చు, నిజమే. కానీ తేదీలు ఇస్తుంది, రోగిని ఎక్కడికీ తిప్పదు, వేళకు గుర్తు చేస్తుంది. చైనాలో జరిగిన ఒక పరిశీలనలో, అయిదో వంతు లేదా అంతకు మించి డోసులు తప్పిన నెలలు మామూలు పద్ధతిలో 30 శాతం దాకా ఉంటే, పెట్టె ఇచ్చినవారిలో 17 శాతానికి తగ్గాయి. ఎస్సెమ్మెస్‌లు మాత్రమే పంపినచోట చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అయితే ఆ దేశంలోనే తర్వాత జరిగిన మరో పెద్ద పరిశీలనలో పెట్టె వల్ల చికిత్స ఫలితాలు మెరుగైనట్టు కనబడలేదు. కాబట్టి వరసగా రెండు రోజులు ఖాళీ కనిపించగానే ఫోను చేసే మనిషి ఉన్నచోటే పెట్టెకు డబ్బు పెట్టాలి. అనుమానం మిగిలితే మూత్ర పరీక్ష ఎలాగూ ఉంది.

పెట్టె అందని ఊళ్లలో ఆశ కార్యకర్త అడిగే ప్రశ్నే ఆధారం. దాన్ని అడిగే తీరు చాలా ముఖ్యం. ‘రోజూ వేసుకుంటున్నారు కదమ్మా?’ అంటే ఎవరైనా అవుననే అంటారు. ‘ఇన్ని మాత్రలు రోజూ వేసుకోవడం ఎవరికైనా కష్టమే. పోయిన వారంలో ఎన్ని రోజులు కుదరలేదు?’ అని అడిగితే నిజం బయటికి వస్తుంది, దాంతోపాటు కారణం కూడా. ఆ కారణాన్ని ఏ యంత్రమూ చెప్పలేదు. ఈ మందుల్లో ఐసోనయాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్ మూడూ కాలేయాన్ని దెబ్బతీయగలవు. ఆగని వాంతులతో, పచ్చబడిన కళ్లతో మాత్ర ఆపిన మనిషి పట్టికలో నిర్లక్ష్యం చేసినవారి వరసలోనే కనబడతారు. అలాంటివారిని మందలించకూడదు, అదే రోజు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి.