వదిలేసిన స్టోరేజ్ యూనిట్లు వేలంలో కొని అమ్మడం: డాలస్ నుంచి కొన్నేళ్ల అనుభవంతో సమీక్ష

సామాను దాచుకోవడానికి నెల అద్దెకిచ్చే గదులను స్టోరేజ్ యూనిట్లు అంటారు. అద్దె కట్టకుండా వదిలేసిన అలాంటి యూనిట్లను వేలంలో కొని, లోపలి సామాను అమ్మే పని డాలస్ ఉత్తర శివార్లలో కొన్నేళ్లుగా చేస్తున్నాను. ఈ పనికి ఐదుకు మూడున్నర ఇస్తాను. డబ్బు వస్తుంది, కానీ టీవీలో చూపించే దారిలో రాదు. నగల పెట్టో పాత నాణేలో దొరుకుతాయన్న ఆశతో కొన్న యూనిట్లలో నాకు ఎక్కువగా మిగిలింది చెత్తే. వాషింగ్ మెషిన్, డ్రిల్ సెట్, డైనింగ్ టేబుల్, పిల్లల సైకిల్ లాంటి మామూలు సామాను కనబడిన యూనిట్లే నన్ను నిలబెట్టాయి. త్వరగా ఖాళీ చేసి, త్వరగా అమ్మగలిగిన వాళ్లకే ఇక్కడ లాభం.

యూనిట్ వేలం దాకా ఎలా వస్తుందో ముందు తెలుసుకోండి. అమెరికాలో 50 వేలకు పైగా సెల్ఫ్ స్టోరేజ్ కేంద్రాలున్నాయి. పబ్లిక్ స్టోరేజ్, ఎక్స్‌ట్రా స్పేస్, క్యూబ్‌స్మార్ట్ లాంటి పెద్ద కంపెనీలవి కొన్ని, చిన్న యజమానులవి కొన్ని. అద్దె ఆగిపోతే లోపలి సామాను మీద కేంద్రానికి హక్కు వస్తుంది. టెక్సస్‌లో ఇది ప్రాపర్టీ కోడ్ 59వ అధ్యాయం ప్రకారం నడుస్తుంది. అద్దెదారుకు నోటీసు పంపి, బాకీ తీర్చడానికి 14 రోజుల గడువిచ్చి, ఆ తర్వాతే వేలం ప్రకటించాలి. వేలం జరిగే ముందు ఏ క్షణంలోనైనా బాకీ కట్టేసి సామాను విడిపించుకోవచ్చు. అందుకే మీరు వారం రోజులుగా కన్నేసి ఉంచిన యూనిట్ ఆఖరి గంటలో జాబితాలోంచి మాయమవుతుంది. అలా జరిగితే బాధపడకండి, ఎవరి సామాను వాళ్లకు దక్కింది. సైన్యంలో విధుల్లో ఉన్నవాళ్ల యూనిట్‌ను కోర్టు ఉత్తర్వు లేకుండా వేలం వేయకూడదని ఫెడరల్ చట్టం కూడా ఉంది. బాకీ, ఖర్చులు పోగా మిగిలే డబ్బు అద్దెదారుకే చెందుతుంది. "వేరేవాళ్ల కష్టం మీద సంపాదించడం కాదా ఇది?" అని మా అత్తయ్య గారు ఒకసారి అడిగారు. సరైన ప్రశ్నే. వేలంలో ధర పెరిగితే ఆ మనిషి నెత్తిన ఉన్న బాకీ తగ్గుతుందని చెప్పాను. ఆ మాట ఇప్పటికీ నమ్ముతున్నాను.

ఇప్పుడు వేలాలు ఎక్కువగా ఆన్‌లైన్‌లోనే జరుగుతున్నాయి. స్టోరేజ్ ట్రెజర్స్, లాకర్‌ఫాక్స్ సైట్లలో ఊరి పిన్‌కోడ్ కొడితే చుట్టుపక్కల యూనిట్లు వస్తాయి. తలుపు దగ్గర నిలబడి తీసిన ఫొటోలే ఆధారం. ఏ పెట్టె మూతా తీయరు, మిమ్మల్నీ తీయనివ్వరు. గెలిచిన ధర మీద సైటు తన ఫీజు కలుపుతుంది, 10 నుంచి 15 శాతం అనుకోండి. యూనిట్‌ను శుభ్రం చేసి ఇస్తామన్న హామీగా కేంద్రం వాళ్లు మన దగ్గర 100 డాలర్ల వరకు డిపాజిట్ తీసుకుంటారు, నేలంతా ఊడ్చి ఇస్తే తిరిగిస్తారు. ఖాళీ చేయడానికి సాధారణంగా 48 నుంచి 72 గంటలు. అక్కడి చెత్త డబ్బాలో ఒక్క అట్టముక్క వేసినా ఒప్పుకోరు.

అసలు నైపుణ్యం ఫొటో చదవడంలో ఉంది. నేను ముందు చూసేది వస్తువులను కాదు, సర్దిన తీరును. ఒకే సైజు పెట్టెలు, వాటి మీద మార్కర్‌తో "కిచెన్", "గరాజ్" అని రాతలు, ఫర్నిచర్ మీద మూవర్లు వాడే దుప్పట్లు కనిపిస్తే ఆ మనిషి సామాను విలువ తెలిసి దాచుకున్నాడని అర్థం. నల్ల చెత్త సంచుల్లో బట్టలు కుక్కి, మధ్యలో పరుపు నిలబెట్టి ఉంటే ఉన్నపళంగా ఇల్లు ఖాళీ చేశారన్నమాట, అందులో అమ్మదగ్గవి తక్కువ. ముందు వరస దుమ్ము లేకుండా, వెనక వరస దుమ్ముతో ఉంటే యజమాని మధ్యలో వచ్చి మంచివి పట్టుకెళ్లాడని అనుమానించాలి. పైకప్పు మూలలు, నేల అంచులు పెద్దవి చేసి చూడండి. తెల్లటి చారలు కనిపిస్తే నీళ్లు దిగాయి. నేల మీద నల్లటి చిన్న గింజల్లాంటివి ఎలుకల పెంట. పనిముట్ల పెట్టెలు, పెద్ద ప్లాస్టిక్ టబ్బులు, ఇస్త్రీ చేసి హ్యాంగర్లకు తగిలించిన బట్టలు, సంగీత వాయిద్యాల కేసులు, ఇవి నాకు నచ్చే గుర్తులు. పెద్ద సోఫాలు, పాత బరువైన టీవీలు, ట్రెడ్‌మిల్ ఉంటే నేను ధర తగ్గించుకుంటాను, వాటిని వదిలించుకోవడానికే డబ్బు పెట్టాలి.

ఏసీ ఉన్న యూనిటా కాదా అన్నది మా ఊళ్లో చాలా పెద్ద విషయం. డాలస్‌లో జూలై, ఆగస్టుల్లో 38 డిగ్రీలు దాటడం మామూలే, రేకుల షెడ్డు లోపల ఇంకా ఎక్కువ. అలాంటి యూనిట్లో రెండు వేసవులు గడిచిన గ్రామఫోన్ రికార్డులు వంగిపోతాయి, కొవ్వొత్తులు కరిగి పక్క పెట్టెలోకి పారతాయి, లెదర్ పొరలుగా ఊడుతుంది, లిథియం బ్యాటరీలు ఉబ్బుతాయి. అందుకే ఎలక్ట్రానిక్స్ కనబడే యూనిట్లను ఏసీ భవనంలో ఉంటేనే కొంటాను.

ఇక డబ్బు లెక్క. 10×10 అడుగుల యూనిట్‌ను 300 డాలర్లకు గెలిచారనుకుందాం. సైటు ఫీజు 45. యూ-హాల్ ట్రక్కు అద్దె, మైళ్లు, పెట్రోలు కలిపి 60. మోయడానికి ఒక మనిషికి మూడు గంటలకు 75. డంప్ యార్డ్‌లో చెత్తకు 50. అంటే మొత్తం 530. సామాను 1100కు అమ్ముడైందనుకుందాం, అందులో 700 లోకల్‌గా నేరుగా, 400 ఈబేలో. ఈబే కమీషన్ ఎక్కువ రకాల వస్తువులకు 13 శాతం పైనే, అంటే 54. మిగిలేది 516. ఖాళీ చేయడం, కడగడం, ఫొటోలు తీయడం, మెసేజ్‌లకు జవాబులివ్వడం, ప్యాకింగ్ అన్నీ కలిపితే 30 గంటలు పడుతుంది. గంటకు 17 డాలర్లు, అదీ పన్ను కట్టక ముందు. మంచి యూనిట్ అయితే ఇంతకు రెట్టింపు రావచ్చు, చెడ్డదైతే సున్నా కిందకి పోతుంది. ఈ లెక్క నచ్చనివాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు.

అమ్మకంలో నాకు అన్నిటికంటే బాగా కలిసొచ్చింది ఇక్కడికి చదువుకోవడానికి వచ్చే మన తెలుగు పిల్లలే. రిచర్డ్‌సన్‌లోని యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్ ఎట్ డాలస్‌కు ప్రతి ఆగస్టులో, జనవరిలో హైదరాబాద్, విజయవాడ, వరంగల్ వైపు నుంచి విద్యార్థులు దిగుతారు. రెండు సూట్‌కేసులతో ఖాళీ అపార్ట్‌మెంట్‌లోకి వచ్చినవాళ్లకు స్టడీ టేబుల్, కుర్చీ, మైక్రోవేవ్, గిన్నెలు, లైట్ ల్యాంప్ అన్నీ ఒకేసారి కావాలి. మే, జూన్‌లలో కొన్న యూనిట్ల నుంచి ఇవి తీసి పక్కన పెట్టుకుంటాను. నలుగురు పిల్లల ఫ్లాట్‌కు సరిపడా సామాను ఒక ధరకు కట్టి, ఇంటి దగ్గర దింపిస్తాను. వాళ్లకు కొత్తవాటిలో సగం ఖర్చు కూడా కాదు, నాకు ఒక్క రోజులో ట్రక్కు ఖాళీ. పరుపులు మాత్రం ఎంత బాగున్నా ఇవ్వను, నల్లుల భయం.

పుస్తకాలు హాఫ్ ప్రైస్ బుక్స్‌కు తీసుకెళ్తాను. 1972లో డాలస్‌లోనే మొదలైన సంస్థ అది. ధర తక్కువే ఇస్తారు, కానీ పెట్టెలకు పెట్టెలు ఒక్కసారే తీసుకుంటారు. పనిముట్లు, పాత ఇనుప సామాను గ్రాండ్ ప్రెయిరీలోని ట్రేడర్స్ విలేజ్ సంతలో వారాంతాల్లో బాగా పోతాయి. పాతకాలపు గాజు, చెక్క వస్తువులు పోగయితే క్యాంటన్‌లో నెలనెలా జరిగే ఫస్ట్ మండే సంతకు వెళ్తాను. పేరు సోమవారమైనా సంత జరిగేది దాని ముందు గురువారం నుంచి ఆదివారం వరకు. చిన్నవి, బరువు లేనివి, అరుదైనవి ఈబేకు. ధర పెట్టేముందు అక్కడ అమ్మకానికి ఉన్న ధరలు చూడకండి, నిజంగా అమ్ముడైన ధరలు చూపించే ఫిల్టర్ పెట్టుకోండి.

పిల్లల వస్తువుల విషయంలో మాత్రం జాగ్రత్త. కంపెనీ వెనక్కి పిలిచిన వస్తువును మళ్లీ అమ్మడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం, పాత సామాను అమ్మేవాళ్లకూ ఇది వర్తిస్తుంది. ఒక పక్క కిందికి జారే పిల్లల మంచాలను, డ్రాప్-సైడ్ క్రిబ్ అంటారు, 2011 జూన్ నుంచి కొత్తవీ పాతవీ అమ్మకూడదు. యూనిట్లలో ఇప్పటికీ అవి వస్తూనే ఉన్నాయి. విరగ్గొట్టి పారేస్తాను. కారు సీట్లదీ అంతే. గడువు దాటిందో, యాక్సిడెంట్‌లో ఉందో మనకు తెలియదు కాబట్టి అమ్మను, ఊరికే కూడా ఇవ్వను.

కాగితాలు, ఫొటోలు, సర్టిఫికెట్లు ఆఫీసులో తిరిగి ఇవ్వాలని చాలా కేంద్రాల నియమం. ఆ నియమం లేని చోటా ఇచ్చేస్తాను. ఒకసారి తలుపు ఎత్తాక అట్టపెట్టెల వెనక వెట్ గ్రైండర్, ఇడ్లీ స్టాండ్లు, స్టీలు డబ్బాల వరస కనిపించాయి. ఒక పెట్టెలో పెళ్లి ఆల్బమ్, పాప అన్నప్రాశన ఫొటోలు, డిగ్రీ సర్టిఫికెట్ల ఫైలు, పట్టుచీరల మధ్య వేంకటేశ్వరస్వామి పటం. ఆ పెట్టెను చీరలతో సహా అలాగే ఆఫీసులో అప్పగించి, పాత అద్దెదారుకు ఫోన్ చేయమని మేనేజర్‌ను గట్టిగా అడిగాను. తర్వాత వాళ్ల స్నేహితులెవరో వచ్చి తీసుకెళ్లారని చెప్పింది. చట్టం ప్రకారం ఆ చీరలు నావే. కానీ అవి అమ్మితే వచ్చే డబ్బు నాకు అక్కర్లేదు.

అప్పటినుంచి తెలిసినవాళ్లందరికీ చెబుతున్నాను. ఉద్యోగం పోయి, హెచ్-1బీ ఉద్యోగ వీసాకు ఉన్న 60 రోజుల గడువులో వేరే ఉద్యోగం దొరక్క, "మళ్లీ వస్తాం కదా" అని సామాను స్టోరేజ్‌లో పెట్టి ఇండియాకు వెళ్లిపోయేవాళ్లున్నారు. అద్దె ఆటోపేలో ఉంటుంది. కార్డు గడువు తీరుతుంది, అమెరికా ఫోన్ నంబరు పోతుంది, నోటీసు పాత అపార్ట్‌మెంట్ చిరునామాకు వెళ్తుంది. వాళ్లు గుంటూరులోనో కరీంనగర్‌లోనో నిద్రపోతుండగా ఇక్కడ వేలం ముగిసిపోతుంది. వెళ్లేముందు ఇక్కడే ఉండే ఒక మనిషి పేరు రెండో కాంటాక్ట్‌గా రాయించండి, ఈమెయిల్ సరిచూసుకోండి. సర్టిఫికెట్లు, ఆల్బమ్‌లు, దేవుడి పటాలు మాత్రం వెంట తీసుకెళ్లండి.

వీసా విషయం కూడా తేల్చి చెప్పాలి. నాకు హెచ్4 ఈఏడీ అనే పని అనుమతి కార్డు ఉంది, ఐ-140 అనే గ్రీన్‌కార్డ్ పిటిషన్ ఆమోదం పొందిన హెచ్-1బీ వాళ్ల జీవిత భాగస్వాములకు 2015 నుంచి ఇస్తున్నది. దానితో సొంత వ్యాపారం చేసుకోవచ్చు. హెచ్-1బీ మీద ఉన్నవాళ్లకు స్పాన్సర్ చేసిన ఉద్యోగం తప్ప ఇలాంటి పని చేసే అనుమతి లేదు, ఎఫ్-1 వీసా మీద చదువుకునే విద్యార్థులకూ లేదు. అందుకే మా ఆయన పెట్టెలు మోయరు, లిస్టింగులు పెట్టరు, కూలీ ఖర్చు నా లెక్కలో ఎప్పుడూ ఉంటుంది. ఇంకొకటి, యూనిట్లో తుపాకీ కనిపిస్తే ముట్టుకోకండి. వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ దగ్గర పెట్టుకోవడం కొన్ని మినహాయింపులు తప్ప ఫెడరల్ నేరం. మేనేజర్‌ను పిలిచి, పోలీసులకు ఫోన్ చేయించండి.

పన్నుల పని కష్టమేమీ కాదు, క్రమం తప్పకుండా చేస్తే చాలు. రాష్ట్ర పన్నులు చూసే టెక్సస్ కంప్ట్రోలర్ కార్యాలయం దగ్గర సేల్స్ ట్యాక్స్ పర్మిట్ ఉచితం. అది ఉంటే తిరిగి అమ్మడానికి కొంటున్నామని పత్రం ఇచ్చి, మా దగ్గర 8.25 శాతం వరకు ఉండే పన్ను యూనిట్ కొన్నప్పుడు కట్టక్కర్లేదు. లోకల్ అమ్మకాల మీద మనమే వసూలు చేసి కట్టాలి, ఈబే అయితే అదే చూసుకుంటుంది. ఏడాది చివర సొంత వ్యాపారం లాభనష్టాలు చూపే షెడ్యూల్ సీ ఫారం, లాభం మీద ఆదాయ పన్ను కాక ఇంకో 15 శాతం దాకా స్వయం ఉపాధి పన్ను. సొంత కారు మైళ్లు రాసుకోండి, మైలుకు ఇంత అని ఖర్చుగా చూపించవచ్చు, 2025లో అది 70 సెంట్లు.

మూడున్నర దగ్గరే ఎందుకు ఆగానంటే, కొనేవాడికి రక్షణ దాదాపు లేదు. ఒక కేంద్రంలో వెనక గోడ తడిసి పెట్టెలన్నీ బూజు పట్టి ఉన్నాయి. ఫొటోలు తీసినవాళ్లు ఆ గోడ రాకుండా తీశారు. ఫిర్యాదు చేస్తే "ఉన్నది ఉన్నట్టు అమ్మకం" అని ఒకే మాట. ఇంకోచోట డిపాజిట్ కోసం నెల పైనే ఫోన్లు చేయాల్సి వచ్చింది. పైగా కొత్తవాళ్లు పెరిగి వారాంతంలో ముగిసే వేలాల ధరలు అర్థం లేకుండా ఎక్కుతున్నాయి. నేను మంగళ, బుధవారాల్లో ముగిసేవే చూస్తున్నాను.

మొదలుపెట్టాలనుకుంటే మీ ఇంటికి పదిహేను మైళ్ల లోపు, ఏసీ భవనంలో, 5×10 యూనిట్ ఒకటి చూసుకోండి. వేలానికి ముందే మీ గరిష్ఠ ధర కాగితం మీద రాసుకోండి, సైటు ఫీజు అందులోనే కలపండి. గరాజ్‌లో ఒక కారు జాగా ఖాళీ చేసి పెట్టుకోండి. మందపాటి గ్లవ్స్, మాస్క్, చేతికి అందేలా టార్చ్‌లైట్ తప్పనిసరి, బ్రౌన్ రెక్లూస్ అనే విషపు సాలీళ్లు ఇక్కడి యూనిట్లలో నిజంగానే ఉంటాయి. మొదటి యూనిట్ పూర్తిగా అమ్ముడుపోయే వరకు రెండోది కొనకండి.