హైదరాబాద్ బాచుపల్లి ఫ్లాటులో గాలి మార్చే ఈఆర్‌వీ: నాలుగేళ్ల వాడకం తర్వాత

2021 వానాకాలంలో ఒకరోజు తెల్లవారుజామున అయిదింటికి లేచి చూస్తే, మంచం పక్కన పెట్టిన మీటరులో 2,460 అని ఉంది. పడుకోబోయే ముందు అది 610. తలుపులు బిగించి, ఏసీ పెట్టుకుని, మా ఆయన, నేను, అప్పటికి పదేళ్ల మా అమ్మాయి ఆ గదిలో పడుకున్నాం. ఆ అంకె కార్బన్ డయాక్సైడ్‌ది. గాలిలో పది లక్షల పాళ్లకు ఎన్ని పాళ్లు అన్న లెక్క. బయట అది 420 దగ్గర ఉంటుంది, మనం వదిలే ఊపిరిలో 40 వేల దాకా ఉంటుంది. కాగితం మీద లెక్క వేసి చూశాను. తెల్లవారేసరికి మేం పీలుస్తున్న ప్రతి ఇరవై ఊపిరుల్లో ఒకటి అప్పటికే ఎవరో పీల్చి వదిలేసినదే. అమ్మాయి లేవగానే తల బరువుగా ఉందనడానికీ, మా ఆయన ఎనిమిది గంటలు పడుకుని కూడా ఆవలిస్తూ కాఫీకి రావడానికీ నేను అంతవరకు ఫోన్లనే తిట్టాను.

ఏసీ ఉంది కాబట్టి గాలి మారుతూనే ఉంటుందనుకునే వాళ్లలో నేనూ ఉన్నాను. స్ప్లిట్ ఏసీ బయటి గాలిని రవ్వంత కూడా లోపలికి తేదు. గదిలో ఉన్న గాలినే లాగి, చల్లబరిచి, మళ్లీ మన మీదికి వదులుతుంది. గోడలోంచి బయటికి పోయే ఆ రెండు రాగి గొట్టాల్లో తిరిగేది చల్లబరిచే గ్యాసు. ఇది నాకు చెప్పింది సర్వీసుకు వచ్చిన కుర్రాడు, అదీ ఆరేళ్లు ఏసీ వాడిన తర్వాత.

కిటికీ తీస్తే పోయేదానికి లక్ష రూపాయల యంత్రం ఎందుకమ్మా అని మా అత్తయ్యగారు అడిగారు, ఇప్పటికీ అడుగుతారు. ప్రశ్నలో తప్పు లేదు. ఊళ్లో ఇల్లయితే నేనూ కిటికీయే తీసేదాన్ని. మాది రోడ్డు మీదికి చూసే నాలుగో అంతస్తు. రాత్రి పదకొండు దాటాక కంకర లారీలు మొదలవుతాయి. కిటికీ తీస్తే దుమ్ము, దోమలు, హారన్ మూడూ కలిసి వస్తాయి. మేలో అయితే వేడి కూడా. అందుకే 2021 నవంబరులో ఎనర్జీ రికవరీ వెంటిలేటర్, అంటే ఈఆర్‌వీ బిగించాం.

ఇదొక రేకు పెట్టె, లోపల రెండు ఫ్యాన్లు. ఒకటి ఇంట్లోని నిలవ గాలిని బయటికి నెడుతుంది, ఇంకొకటి బయటి గాలిని వడగట్టి లోపలికి తెస్తుంది. రెండు గాలులూ ఒక కోర్ లోంచి పోతాయి. దానిలో సన్నటి పొరలు దొంతరలుగా ఉంటాయి. పోయే చల్లగాలి, వచ్చే వేడిగాలి పొరకు ఈ పక్కన ఒకటి, ఆ పక్కన ఒకటి నడుస్తాయి. కలవవు, కానీ వేడినీ, కొంత తేమనూ ఇచ్చిపుచ్చుకుంటాయి. వేడిని మాత్రమే మార్చే రకాన్ని హెచ్‌ఆర్‌వీ అంటారు. మన ఉక్కపోతకు తేమను కూడా మార్చేదే మేలు. మాది గంటకు 150 ఘనమీటర్ల గాలిని నడిపే చిన్న పెట్టె. యుటిలిటీ పైన ఫాల్స్ సీలింగ్‌లో ఉంటుంది, అక్కడినుంచి మూడు పడకగదులకు నాలుగంగుళాల గొట్టాలు వెళ్తాయి. మిషను, గొట్టాలు, గోడలకు కన్నాలు, సీలింగ్ మళ్లీ మూయడం, అన్నీ కలిపి లక్షా అయిదు వేలయింది.

మొదటి వారమే నవ్వులపాలయ్యాం. బిగించినవాళ్లు బయటి గాలి తీసుకునే మూతిని యుటిలిటీ గోడకే పెట్టారు, దగ్గరవుతుందని. మా వంటింటి చిమ్నీ గొట్టం బయటపడేది దానికి రెండడుగుల దూరంలో. పులిహోర చేసిన రోజు సాయంత్రం మూడు పడకగదుల్లోనూ ఇంగువ గుప్పుమంది. అత్తయ్యగారు మాత్రం, బయటి గాలి అన్నారు కదమ్మా, మన వంటింటి గాలే తిరిగొస్తోంది అన్నారు. మళ్లీ డబ్బు పెట్టి, ఆ మూతిని ఇంకో గోడకు, చిమ్నీకీ మిషను వదిలే గాలికీ దూరంగా మార్పించాం. మీరు బిగించుకుంటే ముందు అడగాల్సింది ఇదే: గాలి ఎక్కడినుంచి తీసుకుంటుంది, దానికి పక్కన ఏముంది? చిమ్నీ, బాత్‌రూం ఎగ్జాస్టు, కింది అంతస్తు జనరేటరు, అన్నీ చూసుకోవాలి. బయటి మూతికి గట్టి జాలీ కూడా అడగండి. మాకు మొదట పెట్టిన ప్లాస్టిక్ జాలీని పావురాలు నెల తిరక్కుండా పీకేసి పుల్లలు పేర్చాయి.

మార్చాక రాత్రి లెక్క ఇలా ఉంది: అదే గది, అదే ముగ్గురం, ఏసీ మామూలే, మిషను మధ్య వేగంలో. తెల్లవారి మీటరు 920 నుంచి వెయ్యి మధ్య. 1858లోనే మ్యూనిక్ వైద్యుడు పెటెన్‌కోఫర్ గదిలో ఈ వాయువు వెయ్యి పాళ్లు దాటకూడదని అన్నాడు, ఇప్పటికీ చాలామంది ఆ గీతనే పట్టుకుంటారు. ఆ మోతాదులో కార్బన్ డయాక్సైడ్ విషమేమీ కాదు. గదిలో మనుషులు వదిలినదంతా ఎంత పోగైందో చెప్పే గుర్తు అది. అందులో జలుబు క్రిములూ ఉంటాయి. ఒక జాగ్రత్త, చవక మీటర్లలో కొన్ని కార్బన్ డయాక్సైడ్‌ను కొలవవు, ఇతర ఆవిర్లను చూసి అంచనా వేసి అంకె వేస్తాయి. నేను మొదట కొన్నది అలాంటిదే, పోపు వేయగానే మూడు వేలు చూపించేది. ఎన్‌డీఐఆర్ సెన్సరు (ఇన్‌ఫ్రారెడ్ కాంతితో అసలు వాయువునే కొలిచేది) అని రాసి ఉన్నదే కొనండి.

అమ్మాయి పొద్దున్నే తలనొప్పి అనడం పదిహేను రోజుల్లో ఆగిపోయింది. మా ఆయన ఆవలింతలు ఆగలేదు, అవి ఆఫీసు వల్లే అని ఇప్పుడు తేలింది.

ఎండాకాలంలో నాకు నచ్చింది ఇంకొకటి. మేలో ఒక మధ్యాహ్నం స్టూలెక్కి గాలి వచ్చే గ్రిల్లు దగ్గర థర్మామీటరు పెట్టి చూశాను. బయట 42, గదిలో 26, గ్రిల్లు దగ్గర 31. అంటే పదకొండు డిగ్రీల వేడిని పోయే గాలితో కోర్ తిప్పి పంపేసింది. మిగిలిన అయిదు డిగ్రీలూ ఏసీ మోయాలి, కాబట్టి కరెంటు కాస్త పెరుగుతుంది. మిషను సొంతంగా తినేది 45 వాట్లు, రోజంతా నడిస్తే యూనిటు పైన కొంచెం.

వానాకాలంలో మాత్రం అమ్మినవాళ్లు చెప్పని సంగతి తెలిసింది. ఇది తేమను ఇటూ అటూ కొంత మారుస్తుందే తప్ప గాలిని ఆరబెట్టదు. ఏసీ నడుస్తుంటే పొడి గాలి బయటికి పోతూ వచ్చే గాలి తేమను కొంత తీసుకుంటుంది. ఏసీ ఆపేస్తే లోపలా బయటా ఒకటే తేమ, ఇక మార్చడానికి ఏమీ ఉండదు. మొదటి ఆగస్టులో ఏసీ లేకుండా ఇరవై నాలుగు గంటలూ పూర్తి వేగంలో నడిపాను. అల్మారాలో పట్టుచీరల దగ్గర ముక్కవాసన, పుస్తకాల అట్టల మీద తెల్లటి బూజు. ఇప్పుడు వానలు ముసురుపట్టినప్పుడు తక్కువ వేగంలో ఉంచి, సాయంత్రం గంటసేపు ఏసీని డ్రై మోడ్‌లో పెడతాను. స్నానం చేశాక బాత్‌రూం ఎగ్జాస్టు ఇరవై నిమిషాలు తప్పనిసరి.

ఫిల్టర్ల సంగతి. బయటిది ముతక జాలీ, దాన్ని నెలకోసారి నీళ్లతో కడుక్కోవచ్చు. దాని వెనక ఉండే మెత్తటి ఫిల్టరును కడగకూడదు, మార్చాలి. కొత్తది ఉతికిన గుడ్డలా తెల్లగా ఉంటుంది. చలికాలంలో మూడు నెలలకు తీస్తే పొయ్యి మీద పెట్టిన గిన్నె అడుగు రంగు. జూన్ నుంచి అక్టోబరు దాకా ఆర్నెల్లకు దగ్గరగా వస్తుంది, ఎందుకంటే వానలు గాలిని కడుగుతాయి. గాలిలోని సన్నటి ధూళి, అంటే పీఎం 2.5, రోజు సగటు ఘనమీటరు గాలికి 60 మైక్రోగ్రాములు దాటకూడదని మన దేశ ప్రమాణం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో తన హద్దును 15కు దించింది. డిసెంబరు రాత్రుల్లో మా బాల్కనీలో 80, 90 చూశాను, గదిలో పదిహేను, ఇరవై. ఫిల్టరు నిండిపోతే గాలి తగ్గిపోతుంది, చప్పుడు పెరుగుతుంది. చప్పుడు పెరిగిందని వేగం తగ్గిస్తారు, గాలి ఇంకా తగ్గుతుంది. మాకు మొదటి ఏడాది అదే జరిగింది. ఇప్పుడు తారీకులు అత్తయ్యగారి చేతిలో ఉన్నాయి, క్యాలెండరులో ఏకాదశి పక్కనే "గాలి పెట్టె జల్లెడ" అని రాసుకుంటారు.

రెండో ఏడాది సర్వీసుకు వచ్చిన అబ్బాయి ఫిల్టర్లతో పాటు కోర్‌ను కూడా ఊడదీసి, బాల్కనీలో పైపు పెట్టి శుభ్రంగా కడిగేశాడు. నేను కాఫీ కలిపి తెచ్చేలోగా అయిపోయింది. కొన్ని కోర్లు కడగడానికి వీలుగా ప్లాస్టిక్ పొరతో వస్తాయి, మాది కాగితం పొరది. వానలో తడిసిన అట్టపెట్టెలా అంచులు ఉబ్బి, దొంతరలు ఒకదానికొకటి అంటుకుపోయాయి. ఎండబెడితే సరిపోతుంది మేడమ్ అన్నాడు. సరిపోలేదు. వారంటీలో రాదన్నారు. కొత్త కోర్‌కు పధ్నాలుగు వేలు పెట్టాను, మూడు వారాలు ఎదురుచూశాను. అప్పటినుంచి సర్వీసు అంటే నేను పక్కనే నిలబడతాను. కోర్‌ను మెత్తటి బ్రష్షుతో దులిపిస్తాను, అంతే.

ఇది చేయలేనివి కూడా చెప్పాలి. బొల్లారం ఫ్యాక్టరీల వైపునుంచి కొన్ని రాత్రులు రసాయనాల వాసన వస్తుంది, ఈ పక్కన ఉండేవాళ్లకు చెప్పక్కరలేదు. ధూళి ఫిల్టరు వాయువులను ఆపదు. వాసన సరాసరి పడకగదిలోకి వస్తుంది, అదీ కొలిచి పంపినట్టు. బొగ్గు ఫిల్టరు వేయించాను, కొంత తగ్గించింది, రెండు నెలల్లో దాని పని అయిపోయింది. ఇప్పుడు ఆ వాసన తగలగానే మిషను ఆపేసి, తెల్లవారాక వేస్తాను. దీపావళి రాత్రి కూడా అంతే.

వంటింటి పొగకు ఇది మందు కాదు. పోపు పొగ, గ్యాసు మంట నుంచి వచ్చే నైట్రోజన్ డయాక్సైడ్, పొయ్యి దగ్గరే పట్టి బయటికి తోసేయాలి. దానికి చిమ్నీ ఉండాలి, చిమ్నీకి బయటికి గొట్టం ఉండాలి. గొట్టం లేని చిమ్నీ జిడ్డును మాత్రమే పట్టుకుని మిగతాది మనకే తిరిగిస్తుంది. ఇల్లంతా మూసి చిమ్నీ పెడితే బాత్‌రూం జాలీల్లోంచి మురుగు వాసన వస్తుంది. అంత గాలి బయటికి లాగితే ఎక్కడో ఒకచోటి నుంచి రావాలి కదా. యుటిలిటీ కిటికీ రెండంగుళాలు తీసి ఉంచడం మాకు అలవాటైంది. అలాగే పడకగది తలుపు కింద అంగుళం సందు ఉండాలి. మా వడ్రంగి నేలకు ఆనించి చేసిన తలుపులకు కింద కోయించాకే గాలి సరిగ్గా తిరిగింది.

అత్తయ్యగారికి ఉబ్బసం ఉంది. ఈ నాలుగేళ్లలో రాత్రిపూట ఇన్‌హేలరు వాడాల్సిన అవసరం బాగా తగ్గింది. అదంతా మిషను గొప్పతనమని నేను అనను. మిషను పెట్టిన ఏడాదే డాక్టరు దోమల కాయిల్ మానేయమన్నారు, మానేశాం. మూసిన పూజగదిలో రెండు అగరువత్తులు వెలిగిస్తే ధూళి మీటరు 400 దాటడం ఆవిడకు నేనే చూపించాను. చాలా చర్చ జరిగింది. శుక్రవారం సాంబ్రాణి బాల్కనీలో వేసి, పళ్లెం మాత్రం ఇల్లంతా తిప్పుతామని కుదిరింది. ఆవిడ దగ్గు తగ్గడంలో ఎవరి వాటా ఎంతో తేల్చడం నా వల్ల కాదు.

అందరూ కొనాలా? పైఅంతస్తులో, చెట్ల వైపు, రెండు వైపులా కిటికీలున్న ఇల్లయితే వద్దు. రెండు కిటికీలు తీయండి, మంచి జాలీ తలుపులు పెట్టించండి, బాత్‌రూములకు, వంటింటికి ఎగ్జాస్టు ఫ్యాన్లు వేయండి. నెలకోసారి కుర్చీ ఎక్కి జాలీ కడగడం మీ ఇంట్లో ఎవరికీ కుదరదనుకున్నా వద్దు. రోడ్డు పక్క ఫ్లాటు, రాత్రంతా ఏసీ, ఇంట్లో పిల్లలో ఉబ్బసం ఉన్నవాళ్లో ఉంటే నేను మళ్లీ కొంటాను. ఏటా ఫిల్టర్లకు ఏడెనిమిది వేలు ముందే లెక్కలో వేసుకోండి.

ఇల్లు ఇంకా కట్టుబడిలో ఉంటే గోడలు లేపేటప్పుడే గొట్టాలకు దారులు వదిలించుకోండి. మా మేస్త్రీ ఇటుక గోడల్లో అయిదు కన్నాలు కోయడానికి రెండు రోజులు పట్టింది. ఒక దూలం అడ్డొస్తే దాన్ని ముట్టుకోవద్దని చెప్పి గొట్టాన్ని హాలు చుట్టూ తిప్పించాం. అందుకే మా హాలు సీలింగ్‌లో ఒక మూల ఎందుకు కిందికి దిగిందని వచ్చిన ప్రతి చుట్టమూ అడుగుతారు.