రేడియోలో మాట్లాడే పని కావాలంటే ముందు వెళ్లాల్సింది ఆకాశవాణికా, ప్రైవేటు ఎఫ్ఎంకా?

సిక్కోలు, విజయనగరం కుర్రకారుకి రెండింటికీ గుమ్మం విశాఖే. అక్కడి ఆకాశవాణి 1963 నుంచీ ఉంది. క్యాజువల్ అనౌన్సర్‌కి రాతపరీక్ష, ఆపైన గొంతు పరీక్ష. శ-ష-స తేడా, ఒత్తులు పలక్కపోతే అక్కడే ఆగిపోతారు. నెలజీతం ఉండదు, డ్యూటీకింత. చదువుకుంటూ చేసుకోవచ్చు.

ప్రైవేటు ఎఫ్ఎంలో డెమోయే, అంటే మీ గొంతు నమూనా రికార్డింగే, సర్టిఫికెట్. ఫ్యాను ఆపి, ఫోను నోటికి జానెడు దూరంలో కాస్త పక్కకి పెట్టి రెండు నిమిషాలు మాట్లాడండి. నోటికెదురుగా పెడితే ప, ఫ, భ దగ్గర గాలి కొట్టి రికార్డింగ్ పాడవుతుంది. కాగితం చూసి చదివితే ఇట్టే దొరికిపోతారు. మన యాస ఇక్కడ బలం, దాచకండి. అయితే సొంతంగా వార్తలు చెప్పడానికి అనుమతి లేదు, పాటలు, కబుర్లే.

15–30 ఏళ్ల మధ్యవాళ్లయితే ముందు ఆకాశవాణిలో యువత కార్యక్రమమైన యువవాణికి వెళ్లమంటాం. పలుకు కుదిరాక ఎఫ్ఎంకి మారడం తేలిక.